హెల్ప్‌డెస్క్ సర్వర్లలో మానిటరింగ్ ఏజెంట్ వెయ్యండి, అలర్ట్ మాత్రం హెల్ప్‌డెస్క్‌కి పంపకండి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, మిగతావాళ్ళకి కూడా అర్థమవుద్ది. గుంటూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్ గ్రూపులో సిస్టమ్ అడ్మిన్‌గా కొత్తగా చేరారు. టికెట్ల సాఫ్ట్‌వేర్ (స్టాఫ్ పెట్టే కంప్యూటర్ ఫిర్యాదులు నమోదయ్యే హెల్ప్‌డెస్క్) మీ సొంత సర్వర్లలోనే ఉంది, మొత్తం నాలుగు: టామ్‌క్యాట్ (జావా ప్రోగ్రాములు నడిపే వెబ్ సర్వర్) మీద నడిచే జావా అప్లికేషన్‌కి ఒకటి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఒకటి, మెయిళ్ళు అందించే మెయిల్ రిలేకి ఒకటి, రిపోర్టులకి విండోస్ సర్వర్ ఒకటి. మేనేజర్ గారు "అన్నిట్లో ఏజెంట్ వేసెయ్" అని చెప్పి వెళ్ళిపోయారు. ఏజెంట్ అంటే సర్వర్ ఎలా ఉందో కనిపెట్టి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి చెప్పే చిన్న ప్రోగ్రామ్. ఏది వెయ్యాలి, వేస్తే సర్వర్ స్లో అవుద్దా, ఏమేం చూడాలి, సాఫ్ట్‌వేర్ ఇచ్చినోళ్ళు "వేరే ఏజెంట్ వేస్తే సపోర్ట్ ఇవ్వం" అంటున్నారు ఏం చెయ్యాలి. ఇంతే కదండీ.

సూటిగా చెప్పేస్తా. వెయ్యండి, ఒక్కటే వెయ్యండి, యాక్టివ్ మోడ్‌లో (ఏజెంటే వెళ్ళి డేటా ఇచ్చే పద్ధతి) పెట్టండి. సర్వర్ స్లో అవదు. కానీ ఆ నాలుగు సర్వర్ల అలర్ట్‌లు అదే హెల్ప్‌డెస్క్‌లో టికెట్లుగా పడేట్టు మాత్రం పెట్టొద్దు.

నేను విజయవాడలో పదహారేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, ఆ చివరి మాట నా బుర్రకెక్కడానికి చాలా కాలం పట్టింది, అందుకే ముందే చెప్తున్నా. బిల్లింగ్ సర్వర్ పడిపోతే హెల్ప్‌డెస్క్‌లో టికెట్ పడుద్ది, డ్యూటీలో ఉన్న కుర్రాడు చూస్తాడు. హెల్ప్‌డెస్క్ సర్వరే పడిపోతే ఆ టికెట్ ఎక్కడ పడాలి? తాళంచెవి లోపలే పెట్టి తలుపేసుకున్నట్టుంటుంది. మిగతా అన్ని సర్వర్ల అలర్ట్‌లూ టికెట్‌లుగా పంపించుకోండి, మంచి పద్ధతే, ఈ నాలిగింటివి మాత్రం నేరుగా మనిషి ఫోన్‌కి రావాలి.

పడిపోవడం ఒక్కటే కాదు, ఇంకో ప్రమాదం ఉంది, అది నేను చేతులారా తెచ్చుకున్నా. కొన్నేళ్ళ కిందట మా డేటాబేస్ సర్వర్ డిస్క్ 80 శాతం దాటితే సపోర్ట్ మెయిల్ ఐడీకి మెయిల్ వెళ్ళేట్టు పెట్టా. ఆ ఐడీకి మెయిల్ వస్తే టికెట్ పడుద్ది, టికెట్ పడగానే "మీ రిక్వెస్ట్ అందింది" అని పంపినోళ్ళకి మెయిల్ పోద్ది. పంపింది ఎవరు, మానిటరింగ్ ఐడీ. ఆ ఐడీకి ఎవరో సెలవులో వెళ్తూ ఆటో రిప్లై పెట్టి వదిలేశారు. ఇంకేముంది, ఆటో రిప్లై మళ్ళీ టికెట్, టికెట్‌కి మళ్ళీ మెయిల్, దానికి మళ్ళీ ఆటో రిప్లై. ఆటో రిప్లైలో కంపెనీ లోగో ఒకటి, అది అటాచ్‌మెంట్‌గా ప్రతి టికెట్‌లోనూ సేవ్ అయ్యింది. తెల్లారేసరికి మూడు వేల పైన టికెట్లు, డిస్క్ 97 శాతం. డిస్క్ నిండుతోందని చెప్పడానికి పెట్టిన అలర్టే డిస్క్ నింపింది. ఇప్పుడైతే మా మానిటరింగ్ మెయిల్ దేనికైనా ఆటో సబ్మిటెడ్ హెడర్ (ఇది మెషిన్ పంపిన మెయిల్ అని చెప్పే గుర్తు) పెడతాం, టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో ఆ హెడర్ ఉన్న మెయిల్‌కి జవాబు ఇవ్వొద్దని రూల్ పెడతాం. మీరూ మొదటిరోజే పెట్టేయండి.

సరే, ఏజెంట్ సంగతి. నేను వాడేది జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్, ఎందుకంటే ఫ్రీ, లైనక్స్‌కీ విండోస్‌కీ రెంటికీ ఒకటే పద్ధతి, పైగా నాకు అలవాటు. ఇలాంటిదే ప్రొమీథియస్ వాడేవాళ్ళయితే దాని ఏజెంట్లు, లైనక్స్‌లో నోడ్ ఎక్స్‌పోర్టర్ 9100 పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌కి నెట్‌వర్క్ తలుపు), విండోస్ ఎక్స్‌పోర్టర్ 9182లో కూర్చుంటాయి, అదీ మంచిదే, మీ ఆఫీసులో ఎవరికి ఏది తెలుసో అది పెట్టుకోండి, తెలిసినోడు లేని టూల్ ఎంత గొప్పదైనా మూడు నెలల్లో మూలన పడుద్ది. జాబిక్స్ అయితే దాని కొత్త ఏజెంట్ వెయ్యండి, పేరు ఏజెంట్ 2. పాసివ్ మోడ్‌లో జాబిక్స్ సర్వరే వచ్చి మీ మెషిన్ 10050 పోర్టు తలుపు తడుద్ది, యాక్టివ్ మోడ్‌లో మీ మెషినే వెళ్ళి జాబిక్స్ సర్వర్ 10051కి డేటా ఇచ్చొస్తుంది. యాక్టివ్ అయితే టికెట్ల సర్వర్ మీద కొత్త పోర్టు తెరవక్కర్లేదు, లాగ్ ఫైళ్ళు చదవాలన్నా యాక్టివ్ ఉండాల్సిందే.

మీకు ఒక మాట. మీ ప్రశ్నలో "ఆల్రెడీ జీఎల్‌పీఐ ఏజెంట్ ఉంది, అది చాలదా" అని రాశారు. చాలదండీ. అది ఇన్వెంటరీ ఏజెంట్, ఈ మెషిన్లో ఎంత ర్యామ్ ఉంది, ఏ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి అని లెక్క రాసుకునేది, 62354 పోర్టు కనిపిస్తే అదే. సర్వర్ బతికుందో లేదో నిమిషం నిమిషం చూడ్డం దాని పని కాదు.

ఇన్‌స్టాల్ అయ్యాక అందరూ తట్టుకునే రాయి ఒకటే, హోస్ట్‌నేమ్. కాన్ఫిగ్ ఫైల్లో హోస్ట్‌నేమ్ దగ్గర డిఫాల్ట్‌గా "జాబిక్స్ సర్వర్" అని ఉంటుంది, దాన్ని మార్చాలి, మార్చింది జాబిక్స్ స్క్రీన్ మీద మీరు పెట్టిన పేరుతో అక్షరం అక్షరం కలవాలి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా ఒప్పుకోదు. కలవకపోతే ఏజెంట్ లాగ్‌లో హోస్ట్ నాట్ ఫౌండ్ అని నిమిషానికోసారి ఏడుస్తూనే ఉంటుంది, మనం చూడం. ఇంకో రకం ఇంకా దారుణం: ఒక వర్చువల్ మెషిన్‌లో ఏజెంట్ వేసి దాన్ని క్లోన్ చేసి రెండోది తయారుచేస్తారు, పేరు మార్చడం మర్చిపోతారు. అప్పుడు రెండు మెషిన్ల డేటా ఒకే పేరు కింద పడుద్ది. మా దగ్గర ఒకసారి సీపీయూ గ్రాఫ్ రంపం పళ్ళలా 5, 70, 5, 70 అని వస్తుంటే ఒక మధ్యాహ్నమంతా జావాని తిట్టుకుంటూ కూర్చున్నా, తీరా చూస్తే అది ఒక మెషిన్ కాదు, రెండు.

స్లో అవుద్దా అన్నదానికి: నా సర్వర్లలో ఏజెంట్ 2 తినేది కొన్ని పదుల ఎంబీ ర్యామ్, సీపీయూ లెక్కలోకే రాదు. బరువు ఏజెంట్‌ది కాదు, మనం దాన్ని అడిగే ప్రశ్నలది. నేనే టికెట్ల టేబుల్ మొత్తం లెక్కపెట్టే క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఒకటి రాసి నిమిషానికోసారి నడిపించా, ఆ టేబుల్లో ఏడెనిమిదేళ్ళ టికెట్లు ఉన్నాయి. వారం తర్వాత హెల్ప్‌డెస్క్ అమ్మాయి "సార్, మీరు మానిటరింగ్ పెట్టాకే స్లో అయ్యింది" అంది. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. డిస్క్‌ని పది సెకన్లకోసారి అడగాల్సిన అవసరం లేదు, ఐదు నిమిషాలకోసారి చాలు. సొంతంగా రాసిన స్క్రిప్టులకి కూడా డిఫాల్ట్‌గా 3 సెకన్లే టైమ్ ఉంటుంది, అది దాటితే డేటా రాదు. టైమ్ పెంచుకోవచ్చు, కానీ పెంచేముందు అది ఎందుకంత సేపు తీసుకుంటోందో చూడండి.

ఇక ఏం చూడాలి. ఇది అసలు విషయం, కొంచెం ఓపిగ్గా చదవండి.

సీపీయూ, ర్యామ్, డిస్క్ టెంప్లేట్‌లో (జాబిక్స్‌లో రెడీగా ఉండే చెక్‌ల జాబితా) వాటంతటవే వచ్చేస్తాయి. అవి చూస్తే మెషిన్ బతికుందని తెలుస్తుంది, అంతే. టికెట్లు కదులుతున్నాయా లేదా అన్నది వేరే ప్రశ్న. మా దగ్గర ఒక సోమవారం పొద్దున డ్యాష్‌బోర్డు మొత్తం పచ్చగా ఉంది, ఒక్క ఎర్ర చుక్క లేదు. ఏంటీ వారం ఇంత ప్రశాంతంగా ఉంది అనుకుంటూ టీ తాగుతున్నాం. ఏలూరు బ్రాంచ్ నుంచి అకౌంటెంట్ గారు ఫోన్ చేసి "ఏమండీ, శుక్రవారం నుంచి మూడు మెయిళ్ళు పెట్టా, మీలో ఒక్కడికీ చీమ కుట్టినట్టయినా లేదా" అని దులిపేశారు. సంగతేంటంటే సపోర్ట్ మెయిల్‌బాక్స్ పాస్‌వర్డ్ గడువు శుక్రవారం సాయంత్రం అయిపోయింది, అప్లికేషన్ మెయిల్ లాగలేకపోతోంది, లాగలేకపోయినందుకు తన లాగ్‌లో ఒక లైన్ రాసుకుని ఊరుకుంటోంది. సర్వీస్ నడుస్తోంది, పోర్టు తెరిచే ఉంది, లాగిన్ పేజీ వస్తోంది. అన్నీ పచ్చే. మూడు రోజుల మెయిళ్ళు 212, బాక్స్‌లో అలాగే కూర్చున్నాయి.

ఇది పాస్‌వర్డ్‌తోనే రావాలని లేదు. 2022 అక్టోబర్ 1 నుంచి మైక్రోసాఫ్ట్ తన మెయిల్ సేవ ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో బేసిక్ ఆథెంటికేషన్ తీసెయ్యడం మొదలుపెట్టింది, ఉత్త యూజర్‌నేమ్ పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్‌లో (మెయిల్‌బాక్స్ నుంచి మెయిల్ తెచ్చుకునే పద్ధతి) మెయిల్ లాగే పాత సెటప్‌లకి అక్కడితో నూకలు చెల్లాయి. టికెట్లకి కూడా జీఎల్‌పీఐనే వాడేవాళ్ళయితే, మెయిల్ లాగడం లాంటి ఆటోమేటిక్ యాక్షన్లు జీఎల్‌పీఐ మోడ్‌లో వదిలేస్తే ఎవరో ఒకరు పేజీ తెరిచినప్పుడే నడుస్తాయి, రాత్రిపూట ఎవరూ తెరవకపోతే మెయిల్ కూడా లాగదు, దాన్ని సీఎల్‌ఐ (కమాండ్ లైన్) మోడ్‌కి మార్చి, టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పెట్టాలి.

అందుకని నేను ముందు పెట్టే చెక్ ఇది: డేటాబేస్‌ని "చివరి టికెట్ వచ్చి ఎన్ని నిమిషాలైంది" అని అడగడం. ఒక్క వరుస తెచ్చే క్వెరీ, తేదీ మీద ఇండెక్స్ ఉంటే క్షణంలో వస్తుంది. మీది హాస్పిటల్ కాబట్టి పగలు 40 నిమిషాలు టికెట్ లేకపోతే అనుమానించొచ్చు, రాత్రి మూడు గంటలు పెట్టుకోండి, ముందు ఒక నెల పాత డేటా చూసి మీ నంబర్లు మీరే తేల్చుకోండి. ఇంకా గట్టిగా కావాలంటే పావుగంటకోసారి ఒక టెస్ట్ మెయిల్ పంపి, దానికి టికెట్ పడిందో లేదో ఏపీఐతో (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి అడిగే దారి) చూసి, వెంటనే మూసేసే స్క్రిప్ట్ పెట్టండి. రిపోర్టుల్లో ఆ టెస్ట్ టికెట్లని తీసేసే ఫిల్టర్ మర్చిపోవద్దు, లేకపోతే నెలాఖరున "ఈ నెల మేము మూడు వేల టికెట్లు మూశాం" అని మీ మేనేజర్ గారు మీటింగ్‌లో గొప్పగా చెప్పేస్తారు, తర్వాత మీ పని అయిపోద్ది.

జావా సర్వర్ సంగతి వేరు. బయట నుంచి చూస్తే జావా ఎప్పుడూ కడుపు నిండినోడిలాగే కనిపిస్తాడు, ఎంత హీప్ (జావా కోసం పక్కనపెట్టే ర్యామ్) ఇస్తే అంతా పట్టుకుని కూర్చుంటాడు, కాబట్టి ర్యామ్ 90 శాతం అనే అలర్ట్‌కి అక్కడ అర్థం లేదు. హీప్ లోపల ఎంత నిండింది, జీసీకి (వాడని మెమరీని ఊడ్చే పని) ఎంత టైమ్ పోతోంది, టామ్‌క్యాట్ థ్రెడ్లు, అంటే ఒక్కో రిక్వెస్ట్ చూసే పనివాళ్ళు, ఎన్ని బిజీగా ఉన్నాయి (డిఫాల్ట్ గరిష్ఠం 200) అనేవి చూడాలి, దానికి జేఎంఎక్స్ (జావా లోపలి లెక్కలు బయటికి చెప్పే దారి) కావాలి, జాబిక్స్‌లో అయితే జావా గేట్‌వే అని విడిగా వెయ్యాలి, అది 10052లో ఉంటుంది. జేఎంఎక్స్ పోర్టుని పాస్‌వర్డ్ లేకుండా నెట్‌వర్క్‌లోకి తెరవకండి, దాంట్లోంచి సర్వర్ మీద ఎవడి కోడ్ వాడు నడిపించుకోవచ్చు. వెబ్ చెక్ కూడా ఉత్త 200 (పేజీ బానే వచ్చిందని చెప్పే కోడ్) వచ్చిందా అని చూడకండి, డేటాబేస్ చచ్చిపోయినా కొన్ని అప్లికేషన్లు ఎర్రర్ పేజీని 200తోనే ఇస్తాయి. లాగిన్ అయ్యి లోపల ఒక పదం కనపడిందా అని చూడండి.

పోస్ట్‌గ్రెస్‌లో మానిటరింగ్‌కి సూపర్‌యూజర్ ఇవ్వొద్దు, వెర్షన్ 10 నుంచి పీజీ మానిటర్ అనే రోల్ ఉంది, అది చాలు, టికెట్ల టేబుల్‌కి మాత్రం విడిగా చదివే పర్మిషన్ ఒకటి. కనెక్షన్లు డిఫాల్ట్‌గా 100, అవి 80 దాటితే చెప్పమనండి. ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసి గంటలకొద్దీ ఖాళీగా ఉన్న సెషన్లు చూడండి, చాలా "హ్యాంగ్ అయ్యింది" ఫిర్యాదుల వెనక ఉండేది అవే. వాల్ ఫైళ్ళ (డేటాబేస్ ప్రతి మార్పునీ ముందు రాసుకునే ఫైళ్ళు) ఆర్కైవ్ ఫెయిలయితే అవి పేరుకుపోయి డిస్క్ నిండి డేటాబేస్ ఆగిపోద్ది, కాబట్టి ఆ ఫోల్డర్ సైజు మీద ఒక కన్నేయండి. వెబ్‌సైట్ హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ గడువు కూడా పెట్టండి, గరిష్ఠంగా 398 రోజులు ఉండేది 2026 మార్చి 15 నుంచి 200 రోజులకి దిగింది, 2029 మార్చికి 47 రోజులంట, ఇక క్యాలెండర్‌లో రాసుకుని గుర్తుపెట్టుకునే కాలం పోయినట్టే. విండోస్ రిపోర్ట్ సర్వర్‌కి పెద్దగా చెప్పేదేం లేదు, సర్వీస్, డిస్క్, రాత్రి రిపోర్ట్ ఫైల్ తయారైందా లేదా, ఇవి చాలు.

ఫోన్‌కి ఎలా పంపాలి? మొదట టెలిగ్రామ్ పెట్టండి, జాబిక్స్‌లో రెడీగా ఉంది. ఎస్సెమ్మెస్ గేట్‌వే అయితే మన దేశంలో డీఎల్‌టీ (టెలికామ్ కంపెనీల దగ్గర చేసే ఎస్సెమ్మెస్ నమోదు) రిజిస్ట్రేషన్, టెంప్లేట్ అప్రూవల్ ఉండాలి, ఆ కాగితాల పని వెంటనే తెమలదు. నేను యూఎస్‌బీ జీఎస్ఎమ్ మోడెమ్‌లో ఒక సిమ్ పెట్టి కూడా వాడా, ఇంటర్నెట్ పోయినా మెసేజ్ పోద్ది, బాగుంటుంది, రీచార్జ్ చెయ్యడం గుర్తుంటే. మాది ఒకసారి వ్యాలిడిటీ అయిపోయి నెలన్నర మూగగా ఉంది.

అదొక్కటే కాదు, కాపలా కాసేవాడు కూడా అదే ఇంట్లో పడుకుంటే కష్టం. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా క్లయింట్ ఒకాయన ఆఫీసు అటువైపే. టికెట్ల సర్వరూ జాబిక్స్ సర్వరూ ఒకే గదిలో, ఒకే యూపీఎస్ మీద. కరెంటు పోయింది, యూపీఎస్ అయిపోయింది, రెండూ కలిసే ఆగిపోయాయి. నా ఫోన్‌కి ఒక్క మెసేజ్ రాలేదు. అలర్ట్ రాలేదు కాబట్టి అంతా బానే ఉందనుకున్నా, ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ వాచ్‌మెన్ ఫోన్ చేస్తే తెలిసింది. ఇప్పుడు బయట క్లౌడ్‌లో చిన్న మెషిన్ ఒకటి పెట్టా, దాని పని ఒకటే: జాబిక్స్ నుంచి ఐదు నిమిషాలకోసారి "ఉన్నా" అనే కబురు రావాలి, రెండుసార్లు రాకపోతే నాకు ఫోన్ మోగాలి. మన ఎండాకాలం సంగతి మీకు చెప్పేదేముంది, మే నెలలో ఆదివారం పూట సర్వర్ రూమ్ ఏసీ ట్రిప్ అయితే గంటలో గది పొయ్యిలా అవుద్ది, కాబట్టి గది టెంపరేచర్ సెన్సర్, యూపీఎస్ బ్యాటరీ రెండూ ఎస్ఎన్ఎమ్‌పీతో (పరికరాల లెక్కలు నెట్‌వర్క్‌లో చదివే పద్ధతి) జాబిక్స్‌లోకే కలిపెయ్యండి.

సపోర్ట్ ఇవ్వం అంటున్నవాళ్ళతో గొడవ పెట్టుకోకండి. "ఏ ఏజెంట్ వేస్తే, ఏ కారణంతో సపోర్ట్ ఆగుద్దో మెయిల్‌లో రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. నేను అడిగిన ప్రతిసారీ అది "టెస్ట్ సర్వర్లో చూసి వేసుకోండి" దాకా దిగింది. వాళ్ళ భయం కూడా ఉత్తదేం కాదండీ. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ ఏజెంట్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. అది విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కూర్చునే సెక్యూరిటీ ఏజెంట్, మనది కెర్నెల్ బయట నడిచేది, రెండూ ఒకటి కాదు, అయినా ఆటో అప్‌డేట్ ఆపేసి, ముందు టెస్ట్ సర్వర్లో వారం ఉంచి తర్వాతే మిగతావాటికి వెయ్యండి. ఏజెంట్‌ని రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) నడపొద్దు. రిమోట్ కమాండ్లు కొత్త వెర్షన్లలో డిఫాల్ట్‌గా మూసే ఉంటాయి, "ఒక్క పనికే" అని తెరవొద్దు. ఏజెంట్‌కీ సర్వర్‌కీ మధ్య పీఎస్‌కే (రెండువైపులా ముందే పెట్టుకున్న రహస్య కీ) ఎన్‌క్రిప్షన్ పెట్టండి, ఒక్కో మెషిన్‌కి ఒక్కో కీ. 2020లో సోలార్‌విండ్స్ కంపెనీ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఒరాయన్‌లోంచి దొంగలు దూరారు కదా, మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి అన్ని తలుపుల తాళాలూ ఉంటాయి.

ఒకటి మర్చిపోయా, టైమ్. నాలుగు సర్వర్ల గడియారాలూ ఒకటేనా అన్నది కూడా ఏజెంట్‌తో చూడండి. అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ ఏడు నిమిషాలు తేడా ఉంటే ఎస్ఎల్‌ఏ (టికెట్ ఎంతసేపట్లో తేల్చాలనే ఒప్పందం) లెక్కలన్నీ తప్పుతాయి, టికెట్ పెట్టకముందే మూసేసినట్టు కూడా వస్తుంది, నేను చూశా. పైగా 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో, లేదా వాటితో కలిసిన వాటితో సింక్ ఉండాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, సెక్యూరిటీ సంఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో సెర్ట్ ఇన్‌కి చెప్పాలి. ఆడిటర్ వచ్చినప్పుడు ఈ మూడూ అడుగుతారు.

మొదటి వారం అలర్ట్‌లు ఎవరికీ పంపకండి, మీరొక్కరే చూసుకోండి, నంబర్లు సరిచేసుకోండి. తర్వాత కూడా రాత్రిపూట ఫోన్ మోగించేవి నాలుగైదు మించకూడదు: లాగిన్ అవ్వట్లేదు, టికెట్లు రావట్లేదు, డేటాబేస్ పడిపోయింది, డిస్క్ ఇంకొన్ని గంటల్లో నిండిపోద్ది, గది వేడెక్కింది. మిగతావి పొద్దున్నే చూసుకోవచ్చు. రోజుకి యాభై మెసేజ్‌లు వస్తే మూడో రోజు మీరే ఆ టెలిగ్రామ్ గ్రూప్‌ని మ్యూట్ చేస్తారు.

మీ అప్లికేషన్ మెయిల్ ఐమ్యాప్‌తో లాగుతుందా లేక మెయిల్ రిలే నేరుగా దానికి తోస్తుందా, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ ఎంత, ఈ రెండూ కింద రాయండి. చివరి టికెట్ టైమ్ అడిగే క్వెరీ, దాన్ని ఏజెంట్‌లో ఎక్కడ పెట్టాలో రాసి పెడతా. ఈ శనివారం దాకా మాకు ప్యాచింగ్ (సర్వర్లకి అప్‌డేట్లు వేసే పని) ఉంది, ఒకట్రెండు రోజులు లేటయితే ఏమనుకోకండి.